తాళం వేసిన ఇంటి ముందు పొయ్యి

మా ఆయన మంగళవారం మధ్యాహ్నం పోయాడు. కామెర్లు. దవాఖానలో ఇరవై రోజులు ఉంచుకుని, ఇక తీసుకుపొమ్మన్నారు. తెచ్చిన మూడో రోజున పోయాడు. దవాఖానలోనే పోయి ఉంటే ఇప్పుడు చెప్పేదంతా జరిగేది కాదు. ఇంట్లో పోయాడు కాబట్టి పంచాంగం చూసే అయ్యగారిని పిలిచారు. ఆయన వేళ్లు మడిచి చూసి, నక్షత్రం మంచిది కాదు, మూడు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. అంటే పొయ్యి ఆర్పి, అందరం బయటికొచ్చి, తాళం వేసి, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టి వెళ్లిపోవాలి. గడువు తీరేదాకా లోపల కాలు పెట్టకూడదు. పెడితే ఇంకొకరు పోతారంటారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు. దినాలు కాగానే తాళం వేసి మందమర్రిలో మా అన్న ఇంటికి పోయాను.

నేను ఏడవలేదు. ఏడవడం లేదేమని మా వదిన నా మొహంలోకి చూసేది. ఒళ్లంతా నానబెట్టిన బట్టలా ఉండేది. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు.

మా ఇల్లు గోదావరిఖనికి అవతల, చెరువు ఒడ్డున. బాయిలు కొత్తగా తవ్వుతున్న రోజులవి. బాయి అంటే మాకు బొగ్గు గని. ఆయన అందులో ఫిల్లర్, టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. కంపెనీ క్వార్టరు మా వరుస దాకా రాలేదు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లందరం చెరువు శిఖంలోనే మట్టిగోడలు పెట్టుకున్నాం. శిఖమంటే నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే భూమి. అది ఎవరిదీ కాదు, పట్టా ఎవరికీ రాదు. అందుకని ఇళ్లున్నవాళ్లంతా ఒక సంఘం పెట్టుకున్నారు. నీళ్ల వైపు ఎంతదాకా ఇళ్లు కట్టవచ్చో రాళ్లు పాతింది సంఘమే. తాగే నీళ్ల రేవు ఎక్కడ, బర్రెలను కడిగే రేవు ఎక్కడ అని చెప్పింది సంఘమే. ఈ ఇల్లు ఫలానా వాళ్లదని సంఘం రాసిచ్చిన చిట్టీ తప్ప మా దగ్గర ఇంకో కాగితం లేదు.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉండేది. నెల రోజులు పొగ లేవని ఇల్లు సంఘానికి వస్తుంది, ఇల్లు లేనివాళ్లకు ఇస్తారు. బజారులో ఇళ్లున్నవాళ్లు వచ్చి ఇక్కడ నాలుగు గుంజలు పాతి, తాళం వేసి, తర్వాత అమ్ముకునేవాళ్లు. అది ఆపడానికి పెట్టారు. పెట్టించింది మా ఆయనే. చెరువు కట్ట మీద సంఘం కూర్చున్నప్పుడు లేచి నిలబడి, వండుకుని తినేవాడికే ఇల్లు అని వాదించాడట. ఆ పొద్దు ఇంటికొచ్చి నాకు గొప్పగా చెప్పాడు. నేను బీడీలు చుడుతూ విన్నాను. మంచిదే అన్నాను.

మందమర్రికి పోయి ఇరవై రోజులు దాటాక మా పక్కింటావిడ వచ్చింది. తురకలవాళ్లు. నేను అక్క అనేదాన్ని. బుర్ఖా మడిచి చంకలో పెట్టుకుని, మా వదిన ఇచ్చిన నీళ్లు తాగి, నా పక్కన కూర్చుంది.

"ఐతారం నాడు సంఘం కూసుంటది చెల్లె. నీ ఇంటి మాటే."

"నా ఇంటి మాట ఏంది?"

"బెల్లంపల్లి దిక్కు నుంచి ఒకడొచ్చిండు, ఐదుగురు పిల్లలు. మత్తడి కాడ రేకుల కింద పంటున్నరు. జాగ అడిగితే నీ తాళం చూపెట్టిండ్రు. నీకు నక్షత్రం ఫికర్, వాళ్లకు నెల ఫికర్. నువ్వు గీడ కూసుంటే ఇల్లు పోతది."

అప్పుడు కూడా నాకు భయం వేయలేదు. అన్న ఇంట్లో రెండు గదులు, తొమ్మిది మందిమి. చిట్టీ పోతే నా పిల్లలకు పడుకునే చోటు లేదని లెక్క మాత్రం తెలిసింది. ఆదివారం పిల్లల్ని తీసుకుని బయలుదేరాను.

కట్ట మీద మగవాళ్లే కూర్చునేవాళ్లు. నేను కింద నిలబడ్డాను. సంఘం పెద్ద ముసలాయన, అందరికీ కాక. ఆయన నా మొహం చూడలేక చెరువు వైపు చూస్తూ మాట్లాడాడు. తాళం వేసినందుకు అక్కడ ఒక్కరు కూడా నన్ను తప్పు పట్టలేదు. అదే నక్షత్రంలో వాళ్ల ఇంట్లో పోయినా వాళ్లూ తాళమే వేస్తారు. అట్లాగని కట్టుబాటు వదలమని కూడా ఒక్కరూ అనలేదు. ఒకరికి వదిలితే బజారోళ్లంతా చావు పేరు చెబుతారట.

"నీ పెనిమిటే కద బిడ్డా లేచి కొట్లాడిండు," అన్నాడు కాక. "మాకు మీసాలున్నయ్ గని ఆయనంత నోరు లేకపాయె. ఇప్పుడు ఆయన మాట ఆయన ఇంటికాడనే తప్పితే ఎట్ల?"

"తప్పద్దు కాకా. పొగ లేస్తే చాలు గద. నేను వాకిట్ల పొయ్యి పెట్టుకుంట. గడప తొక్క."

కొందరు నవ్వారు. ఒకతను, "వాకిట్ల పొయ్యి పెడితే ఇల్లయితదంటే రేపు బస్సుల పోయేటోడు కూడా దిగి పెడుతడు," అన్నాడు.

"అట్ల దిగి పెట్టాలంటే ముందుగాల మొగడు సావలె," అన్నాను.

అయ్యగారిని పిలిపించారు. వాకిలి ఇల్లవుతుందా కాదా అని అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, చూరు నీళ్లు కారే గీతకు బయటి వైపు ఉంటే ఇంట్లో ఉన్నట్టు కాదన్నాడు. గీత దాటితే తన పూచీ లేదన్నాడు. కాక గడ్డపలుగు తెప్పించి చూరు కింద గీత గీయించాడు. దానికి ఇవతల మూడు రాళ్లు పెట్టించాడు. అక్క తన ఇంటి నుంచి నిప్పు తెచ్చింది. సంఘం వాళ్లందరూ నిలబడి చూస్తుండగా నేను అన్నం వండాను.

రెండు నెలల పైన ఆ వాకిట్లో ఉన్నాం. సంఘం నాలుగు వాసాలు నిలబెట్టి పైన తాటాకు కప్పించింది. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం. వెనక నా తలుపు, నా తాళం, కంప. మొదట్లో చిన్నది గీత దాకా పోయి నిలబడి, "అమ్మా, లోపలికి పోదాం" అనేది. రెండు దెబ్బలు వేశాను. తర్వాత అడగలేదు. షిఫ్టు దిగి పోయేవాళ్లు మా పొగ చూసి పోయేవాళ్లు. కాక రోజూ పొద్దున వచ్చి, పొయ్యి వైపు చూసి వెళ్లేవాడు. పలకరించడానికి వచ్చాడో, లెక్క చూడడానికి వచ్చాడో నాకు తెలియదు.

వానలు మొదలయ్యాక, చెరువు నిండితే నీళ్లు పొర్లే ఆ మత్తడి దగ్గర రేకుల కింద ఉన్నామె నిప్పు కోసం రావడం మొదలుపెట్టింది. ఆ ఐదుగురు పిల్లల తల్లి. మొదటి రోజు దూరంగానే ఆగింది.

"అక్కా, నీ ఇల్లే కావాలని మేం అడగలె. ఏదో ఒక జాగ అడిగినం."

"నిప్పు తీస్కపో," అన్నాను.

రోజూ తీసుకుపోయేది. మేమిద్దరం అంతకు మించి మాట్లాడుకోలేదు. సంఘం తర్వాత వాళ్లకు కట్ట అవతల చోటిచ్చిందని విన్నాను.

శ్రావణంలో చెరువు పెరిగి నీళ్లు వాకిలి దాకా వచ్చాయి. రెండు రోజులు పొయ్యి తడిసి అంటుకోలేదు. అక్కే తన ఇంట్లో వండి తెచ్చింది. మూడో రోజు మొదటి షిఫ్టు దిగినవాళ్లు నలుగురు, డ్యూటీ బట్టల్లోనే, తలా రెండు రాళ్లు మోసుకొచ్చి నా పొయ్యి కింద మోకాలెత్తు అరుగు కట్టారు. వాళ్లలో బస్సు మాట అన్నతను కూడా ఉన్నాడు. లోపలికి పొమ్మని మాత్రం ఎవరూ అనలేదు. అన్నా నేను పోయేదాన్ని కాదు.

గడువు తీరిన రోజున అయ్యగారు వచ్చి కంప తీయించాడు, లోపల నీళ్లు చల్లాడు. కాక సంఘం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. మా ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయించి, నా వేలు సిరాలో ముంచాడు. అప్పటిదాకా ఆ పుస్తకంలో ఆడమనిషి పేరు లేదట. తాళం తుప్పు పట్టి చెవి తిరగలేదు, రాయితో కొట్టి తీశారు. లోపల చెదలు పట్టాయి. ఆయన అంగీ దండెం మీదే ఉంది. దవాఖాన సీసా కిటికీలో ఉంది. పిల్లలు పరుగెత్తుకుంటూ లోపలికి పోయారు. నేను ఊడ్చాను, అలికాను. అప్పుడూ ఏడుపు రాలేదు.

మర్నాడు పొద్దున కాక అలవాటు ప్రకారం అటుగా వచ్చాడు. నేను వాకిట్లో అరుగు ముందు నిలబడి గంజి వారుస్తున్నాను.

"గడువు తీరింది కద బిడ్డా. ఇంక లోపలికి పో."

"పోత తియ్ కాకా," అన్నాను.

లోపల పొయ్యి వెలిగించడానికి నాకు ఇంకా ఎనిమిది రోజులు పట్టింది.