క్యాసెట్టు మారిన శుక్రవారం

మా చిన్నప్పుడు... శుక్రవారం వచ్చిందంటే మస్కట్‌లో, దార్సైట్‌లోని మా ఫ్లాట్ రిహార్సల్ హాలైపోయేది. సోఫాలు గోడకి జరిపేసి, కార్పెట్ చుట్టేసి, అమ్మ టేప్‌రికార్డర్ బటన్ నొక్కేది. ఇక ఎనిమిది మంది పిల్లలం ఎగరడమే ఎగరడం.

ఎనభైల చివరి సంగతి ఇది. సినిమా పాటల్లోకి కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు వచ్చిపడ్డ రోజులు. రూవీ బజార్లో క్యాసెట్ల షాపు ముందు నిలబడితే హిందీ, తమిళం, మలయాళం పాటలు ఒకదాని మీద ఒకటి పడి మోగేవి. మగపిల్లలందరికీ బ్రేక్ డాన్స్ పిచ్చి. తెలుగు క్యాసెట్ కావాలంటే మాత్రం ఎవరో ఒకరు ఊరెళ్లి రావాల్సిందే.

ఆ యేడు ఇండియన్ ఫ్యామిలీలన్నీ కలిసి చేసే వార్షికోత్సవంలో మొట్టమొదటిసారి తెలుగువాళ్లకి పదిహేను నిమిషాలిచ్చారు. అంతకుముందు అడిగిన ప్రతిసారీ "అసలు మీరెంతమంది ఉన్నారని?" అనేవారు. కార్యక్రమం నడిపే పెద్దాయన అమ్మకి ముఖం మీదే చెప్పాడు... బాగుంటే వచ్చే యేడూ ఇస్తాం, లేకపోతే మళ్లీ అడగొద్దు అని.

అమ్మ నర్సు. తెనాలి మనిషి, చర్చి క్వాయర్‌లో పాడుతూ పెరిగింది. సంగీత నాటకం తనే రాసింది. వానల్లేని ఊరి పిల్ల ఒకతి మేఘాన్ని పిలవడానికి కొండెక్కుతుంది, అంతే కథ. ఆ పిల్లని నేనే! (గొప్పలు పోతున్నాను, భరించండి.) బెజవాడలో ఆర్కెస్ట్రా నడిపే మావయ్య ఆ పాటలన్నీ పాడించి ఒక క్యాసెట్ పంపాడు. మా నాటకం ప్రాణమంతా అందులోనే ఉంది.

రమణమ్మ పిన్ని గురించి కూడా చెప్పాలి. కడప జిల్లావిడ. మత్రాలో ఒక ఒమానీ ఇంట్లో పనిచేసేది. హాస్పిటల్లో అమ్మకి పరిచయమైంది. శుక్రవారం సెలవు దొరికితే చాలు, మా వంటింటి గుమ్మంలో కూర్చుని రిహార్సల్ మొత్తం చూసేది. నువ్వూ పాడతావా అని ఒక్కరోజు కూడా ఆవిణ్ణి అడగలేదు మేం. తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇక నా ఘనకార్యం... అప్పట్లో గల్ఫ్‌లో చాలామంది ఉత్తరాలు రాయడం మానేసి, మాటలు క్యాసెట్‌లో నింపి పంపేవాళ్లు. అమ్మ కూడా నెలకోసారి అమ్మమ్మకి కబుర్లన్నీ రికార్డు చేసి, ఊరెళ్లే వాళ్ల సూట్‌కేసులో పెట్టించేది. క్యాసెట్ల మీద పేర్లు రాసే డ్యూటీ నాది. ఆ నెల బద్ధకించి రాయలేదు. ప్రోగ్రామ్ ముందురోజు పక్క ఫ్లాట్ అంకుల్ ఊరికి బయల్దేరారు. అమ్మ ఇంట్లో లేదు. నాటకం క్యాసెట్, అమ్మమ్మ క్యాసెట్... రెండూ ఒకే రకం. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. మాకు ముందు ఒక మలయాళీ బృందం డ్రమ్స్‌తో అదరగొట్టి దిగింది. తెర లేచింది. చంకలో కుండతో నేను మధ్యలో నిలబడ్డాను. స్పీకర్లలోంచి వేణువు రావాలి... అమ్మ గొంతు వచ్చింది.

"అమ్మా, బాగున్నావా? పిల్ల ముందు ఏడవట్లేదు గానీ... ఈ డ్యూటీలు నా వల్ల కావట్లేదమ్మా..."

హాలంతా వినపడింది. ముందు వరసల్లో నవ్వులు. తెలుగు తెలిసినవాళ్లు తలలు దించుకున్నారు. స్టేజీ పక్కనున్న అమ్మ ముఖం పాలిపోయింది. పెద్దాయన టేపు ఆపించి, తెర దించమని చెయ్యి ఊపుతున్నాడు. మా పదిహేను నిమిషాలూ, వచ్చే యేడూ, ఆ పై యేడూ అన్నీ నా బద్ధకం వల్లే పోతున్నాయని అర్థమైంది.

అప్పుడు మూడో వరసలోంచి రమణమ్మ పిన్ని లేచింది. చెప్పులు అక్కడే వదిలేసి, సరాసరి అమ్మ దగ్గరికి వచ్చేసింది.

"క్యాసెట్టు పోతే పోనీ సిస్టరమ్మా, మన గొంతులు యాడికి పోయినాయి? నువ్వెత్తుకో, నేనందుకుంటా."

"నీకు పాటలొచ్చా రమణమ్మా?"

"మూడు నెల్లు ఇన్న్యా గదా! మా నాయన నాటకాలకు హార్మోనీ వాయిస్తాండె. స్టేజీ అంటే నాకేం బయ్యం?"

పక్కనున్న ఖాళీ నీళ్ల క్యాన్ ఒళ్లో పెట్టుకుని దరువేసింది. అమ్మ కళ్లు తుడుచుకుని ఎత్తుకుంది...

"కొండెక్కి వచ్చానే మేఘమా... కుండ ఖాళీగుందే మేఘమా..."

నా కాళ్లకి ఎక్కడలేని బలం వచ్చింది. పిల్లలందరం కోరస్ అందుకున్నాం. కొండమీద మేఘాన్ని పిలిచే చోటికి రాగానే రమణమ్మ పిన్ని రాగం తీసింది చూడండి... పద్యనాటకాల్లో తీసే రాగం! క్యాసెట్‌లో నాలుగు క్షణాల ముక్క అది. ఆవిడ లాగుతూనే ఉంది, నేను చేతులెత్తి నిలబడే ఉన్నాను. మైకు లేకుండా ఆఖరి వరస దాకా వినిపించింది ఆ గొంతు.

ఆగింది. హాలు దద్దరిల్లిపోయింది.

"వన్స్ మోర్!"

మొదట అరిచింది తెలుగువాళ్లు కాదు. ఆ మలయాళీ డ్రమ్మరు! అరిచి ఊరుకోలేదు, స్టేజీ ఎక్కి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. రెండోసారి పాడారు. మూడోసారీ పాడారు. తెర దించమన్న పెద్దాయన కూడా నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు మమ్మల్ని ఆపేవాడు లేడు మస్కట్‌లో!

అమ్మ నన్ను గట్టిగా వాటేసుకుని, "నీ పని ఇంటికెళ్లాక చెప్తా" అంది. చెప్పలేదు. తెనాలిలో అమ్మమ్మ మాత్రం కూతురి మాటల కోసం టేపు పెట్టి, ఆర్కెస్ట్రా విని హడలిపోయిందట.

మరుసటి యేడు కార్యక్రమం కాగితం ఇంటికొచ్చింది. తెలుగు నాటకం, అరగంట, అన్నిటికన్నా ఆఖరున. గానం అన్నచోట అమ్మ పేరు, పక్కన రమణమ్మ పిన్ని పేరు. ఆవిడకి చదువు రాదు. కాగితం నా చేతికిచ్చి చదివించుకుంది.

"ఏదీ, ఇంగోసారి చదువు పాపా."

నాలుగుసార్లు చదివాను.

ఇప్పుడు నేను మస్కట్‌లోనే, ఖురంలో ఆఫీసుకెళ్తున్నాను. మా పిల్లల ప్రోగ్రామ్‌లన్నీ చూస్తాను. పెద్ద తెరలు, ఫోన్లో ట్రాకులు, ఎక్కడా శ్రుతి తప్పదు. చప్పట్లు కొడతారు, వీడియోలు తీస్తారు. కానీ మళ్లీ పాడమని ఎవరూ అడగరు... ఫోన్లో ఉంది కదా!

మీరు ఎప్పుడైనా గొంతు చించుకుని "వన్స్ మోర్" అని అరిచారా? ఎవరి కోసం అరిచారో కింద రాయండి... వాళ్ల పేరుతో సహా.