శుక్రవారం కుట్టిన పుస్తకాలు

పుస్తకాలు కుట్టడం నేను ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పిల్లల స్కూలు పుస్తకాల అట్టలు ఊడిపోతుంటే మొదలుపెట్టిన పని, చివరికి పిచ్చిగా మారింది. గల్ఫ్‌లో, సాల్మియాలో మా ఫ్లాటు హాలు నిండా కాగితాలు, దారాలు, మైదా జిగురు. శుక్రవారం సెలవు దొరికే మన ఊళ్ల ఆడవాళ్లు కొందరు వచ్చి కూర్చునేవారు. కాగితాలు మడతపెట్టడం, దబ్బనంతో బెజ్జాలు వేయడం, మైనం పూసిన దారంతో ఆ మడతలను కలిపి కుట్టడం నేర్పేదాన్ని. అట్టల కోసం ఖర్జూరాల పెట్టెలు కోసేవాళ్లం. పైన బరువుకు బాస్మతి బస్తా.

వాళ్లలో జహ్రాలో ఒక ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఆమె ఉండేది. మొదటిసారి జిగురు పూసిన అట్టను, వడియాలు పెట్టినట్టు, మిద్దె మీద ఎండలో పెట్టింది. ఇక్కడి ఎండకు అది వంగిపోయి మళ్లీ చదును కాలేదు. పడీపడీ నవ్వాం, అందరికంటే ఎక్కువ తనే నవ్వింది. తర్వాత, ఊరి నుంచి కూతురు పంపిన బొమ్మలన్నీ కలిపి ఒక పుస్తకం కుట్టింది. నాకంటే బాగా కుట్టింది. కాస్త కుళ్లుకున్నాను కూడా.

ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి ఇంటి యజమానురాలికి చూపించింది. యజమానురాలిని ఇక్కడ పనివాళ్లు 'మామా' అంటారు. మామాకు తెగ నచ్చేసింది. తన కూతురి పెళ్లికి వచ్చేవాళ్లందరికీ పంచడానికి అలాంటివే చేయమంది. ఎప్పుడు చేయాలి? వారమంతా ఇంటిపని ఉంది కాబట్టి శుక్రవారం! పెళ్లయిపోయింది. తర్వాత మామా ఆడపడుచులకు, వాళ్ల స్నేహితులకు. ఆమె మా ఇంటికి రావడం ఆగిపోయింది.

ఈ సంగతి చెబితే మా బిల్డింగులో ఒకావిడ, "మంచిదే కదండీ, మెచ్చుకుంటోంది. కొట్టడం లేదు, తిట్టడం లేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టకపోతే చాలా? మెచ్చుకుంటూ లాక్కుంటే అది లాక్కోవడం కాదా? ఆవిడతో మాటలు మానేశాను.

ఉండబట్టలేక జహ్రా వెళ్లాను. ఆమె గేటు దగ్గరికి వచ్చింది. వేళ్ల మీద జిగురు ఎండిపోయి ఉంది.

"మీ మామాను పిలువు, నేను మాట్లాడతా" అన్నాను.

"వద్దక్కా, నీకు దండం పెడతా. నువ్వు మాట్లాడి పోతావు. ఈడ ఉండాల్సింది నేను." గొంతు తగ్గించింది. "ఊడ్చేదీ పనే, వండేదీ పనే. ఇదొక్కటే నాది అనుకుంటి. ఇదీ పనే అయిపాయ. సూది చూస్తానే యాడన్నా పారేద్దామనిపిస్తాండాది."

లోపలి నుంచి "యల్లా" అని తొందరపెడుతూ కేక వినబడింది. ఆమె పరుగెత్తింది. నేను పళ్లు కొరుక్కుంటూ బస్సెక్కాను.

మొన్న శుక్రవారం, ఇంకో ఇంట్లో వంటపని చేసే రాయచోటి ఆమె మా ఇంట్లో తన మొదటి పుస్తకం పూర్తి చేసింది. దాన్ని గుండెలకు హత్తుకుని, "పోతానే మా మామాకు చూపిస్తాక్కా" అంది మురిసిపోతూ.

చేతిలోంచి లాగేసుకున్నాను. "చూపించినావంటే చూడు! ఇది ఈడే ఉంటాది!" అని అరిచి, బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆమె బిత్తరపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేత్తో కుట్టుకున్న పుస్తకాన్ని ముట్టుకోవాలంటే ఇప్పుడు ఆమె నన్ను అడగాలి.