ఎండిన చెక్క

మా మేనమామది కలప అడితి. ఊళ్ళో ఎవరి ఇల్లు కాలినా, బూడిద చల్లారకముందే కొలతల టేపుతో అక్కడ వాలిపోయేవాడు. "ఏడుపులో ఉన్నవాళ్ళు బేరమాడరురా" అని నాకు వ్యాపారం నేర్పేవాడు.

మా ఇల్లు కాలిన తెల్లారి కూడా అలాగే వచ్చాడు. సొంతవాళ్ళమని ప్రత్యేకంగా ఎంచి మాకమ్మిన పడకగది తలుపు, పెట్టిన కొన్నాళ్ళకే వంకర తిరిగింది. ఆ రాత్రి మంటల్లో నాన్న లోపల ఉండగా అది బిగుసుకుపోయింది. బయటినుంచి అమ్మా నేనూ ఎంత తన్నినా రాలేదు.

అమ్మ తన తమ్ముణ్ణి పట్టుకుని బావురుమంది. మామయ్య ఆమె వీపు నిమిరాడు. తర్వాత టేపు కొస ఆమె చేతిలోనే పెట్టి, మాడిన గుమ్మం కొలిచాడు.

"ఊరుకో అక్కా. ఈసారి బాగా ఎండిన చెక్కే ఇస్తాలే."