ఎక్స్‌పోర్ట్ అవుతోంది, ఆగండి

ఆ రోజుల్లో నా దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా, ఎప్పుడూ వేడెక్కి రొప్పే ఒక లాప్‌టాప్, ఆ రెండూ ఉన్నందుకు కాస్త గర్వం ఉండేవి. అమెరికాలో సియాటెల్ పక్కనున్న బాతెల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు మా తెలుగు చర్చికి నేనే ఫోటోగ్రాఫర్‌ని (జీతం లేదు గానీ బిర్యానీ రెండోసారి అడగకుండానే వడ్డించేవారు). పాటలు, ప్రసంగం, బాప్టిజం, పుట్టినరోజు కేకు, ఏది జరిగినా తీసేవాణ్ణి. ఎటు తిప్పి తీసినా నా ఫోటోల్లో క్వయర్ రెండో వరసలో ఎడమ చివర నిలబడే అమ్మాయి పడేది. పాస్టరమ్మగారి అక్క కూతురు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడే మాస్టర్స్ పూర్తి చేసింది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ సంగతి నాకూ నా కెమెరాకూ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పడానికి అడ్డం ఏమిటంటారా? మా చర్చిలో పెళ్లికాని కుర్రాళ్లందరూ బ్రదర్లే. "వందనాలు బ్రదర్, లాస్ట్ వీక్ ఫోటోలు ఎప్పుడు పంపిస్తారు?" అని నవ్వుతూ అడిగేది. ఆ పిలుపు విన్నాక, రేపే పంపిస్తానని చెప్పి కెమెరా సర్దుకునేవాణ్ణి.

ఇంతలో ఆమెకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక వీడ్కోలు భోజనం, భోజనం కాగానే ఆమె ఎయిర్‌పోర్టుకు. ఆ ఏడాది ఫోటోలన్నీ హాల్లో పెద్ద తెర మీద వేసి, పెన్‌డ్రైవ్‌లో ఆమెకివ్వాలని పాస్టరమ్మగారు నాకు ఆజ్ఞ వేశారు. ఇంకేం, వారమంతా కూర్చుని దిద్దిందే దిద్దాను. ఆదివారం హాల్లో లాప్‌టాప్ పెట్టి, దిద్దిన ఫోటోలు ఫైళ్లుగా దిగడానికి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. ఎంతవరకు అయిందో చూపించే నీలం గీత కదిలితే ఒట్టు.

మా చర్చిలో అంకుల్స్ అందరూ సాఫ్ట్‌వేరే. ఎవరి లాప్‌టాప్ మూలిగినా చేతిలో ప్లేటుతో సహా వచ్చి వాలతారు. "రీస్టార్ట్ చేశావా బాబూ?" అన్నారు నెట్‌వర్క్ అంకుల్. చేశాను. "డిస్క్ ఫుల్ అయ్యుంటది, చూడు," అన్నారు డేటాబేస్ అంకుల్. కాలేదు. "పెన్‌డ్రైవ్‌లోకి డైరెక్ట్‌గా ఎందుకు పంపుతున్నావ్? ముందు డెస్క్‌టాప్ మీదకి తీసుకో." తీసుకున్నాను, అయినా అంతే. "మొన్నటిదాకా బానే ఉంది కదా, మధ్యలో ఏం ఛేంజ్ చేశావ్?" అని టెస్టింగ్ అంకుల్ సూటిగా అడిగేసరికి నాకు చెమటలు పట్టాయి. పాస్టరుగారొచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు (పాపం, చురుక్కుమన్నట్టుంది, ఆమెన్ త్వరగానే చెప్పేశారు).

టెస్టింగ్ అంకుల్ అంతటితో ఊరుకునే మనిషి కాదు. "ఎడిట్స్ హెవీ అయ్యుంటయి. ఏమేం చేసినవో చూద్దాం," అంటూ నన్ను పక్కకు జరిపి ఏదో మీట నొక్కారు. బ్రష్‌తో ఎక్కడెక్కడ దిద్దామో అక్కడల్లా ఎర్రరంగు పూసి చూపించే మీట అది. లాప్‌టాప్ అప్పటికే ప్రొజెక్టర్‌కి తగిలించి ఉందన్న సంగతి ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. పెద్ద తెర మీద క్రిస్మస్ ఫోటో వచ్చింది: రెండో వరస, ఎడమ చివర, ఒకే ఒక్క ఎర్రని ముఖం. ఈస్టర్ ఫోటోలోనూ అదే ముఖం. పాస్టరుగారి పుట్టినరోజుకి కేకు కోస్తున్న ఆయనేమో మసక చీకట్లో ఉన్నారు, వెనక తలుపు దగ్గర ఆ ముఖం మాత్రం ఎర్రగా మెరుస్తోంది. "ఒక్క ఫేస్ మీద ఇన్ని లేయర్లా బాబూ! దొరికింది ఇష్యూ!" అని కేకపెట్టి, అందరి చూపులూ ఎటున్నాయో చూసి, ఆయన తెర వైపు తిరిగి నోరు మూసుకున్నారు. నాకు బల్ల కిందకి దూరిపోవాలనిపించింది. పాస్టరమ్మగారే తేరుకుని, "పెరుగన్నం ఎవరికి కావాలమ్మా?" అని గట్టిగా అడిగారు.

అప్పుడు ఆ అమ్మాయి లేచి నా దగ్గరకొచ్చింది. "అవన్నీ తీసేస్తే త్వరగా అయిపోతుందా?"

"అయిపోతుందండీ."

"అయితే తీసేయండి."

మౌస్ అందుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఒక్క ఫోటో మాత్రం అలాగే ఉంచండి. అది లాస్ట్‌లో చేయండి. వెయిట్ చేస్తాను," అంది నెమ్మదిగా. ఆ రోజు ఆమె నన్ను బ్రదర్ అనలేదన్న సంగతి నాకు చాలా రోజుల తర్వాత గానీ తట్టలేదు.

దిద్దుబాట్లు తీసేసిన ఫోటోలు చకచకా దిగిపోయాయి. మిగిలిన ఆ ఒక్కదానికి నీలం గీత మళ్లీ మొండికేసింది. అంకుల్స్, ఆంటీలు దూరంగా జరిగి మహా శ్రద్ధగా పెరుగన్నం తింటున్నారు. ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. నేను లాప్‌టాప్ మీంచి కళ్లు తిప్పలేదు. పొద్దుటి నుంచీ తిట్టుకున్న ఆ గీతనే, ఇంకాస్త నెమ్మదిగా పోవే తల్లీ అని లోలోపల బతిమాలుకున్నాను. చివరికి అదీ అయిపోయింది. పెన్‌డ్రైవ్ అందుకుని "థాంక్సండీ" అంది, కాసేపు నిలబడింది, వెళ్లి కారెక్కింది.

ఇప్పుడు నా కంప్యూటర్‌లో అలాంటి ఫోటో ఎక్స్‌పోర్ట్ నొక్కీ నొక్కగానే దిగిపోతుంది. అలా దిగినప్పుడల్లా ఆ హాలు, ఆ పక్క కుర్చీ గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. చెమటలు కక్కుతూ లాప్‌టాప్‌కి అతుక్కుపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వెళ్లి వాడి గడ్డం పట్టుకుని తిప్పాలనిపిస్తుంది: ఆ గీతను ఏం చూస్తావురా, పక్కకు చూడు.