విమలమ్మ విప్పిన చక్రాలు

మొయినాబాదు తోట బంగళాలో మూడు కార్లుండేవి. వాటిని తోలేవాళ్లు మారుతూ వచ్చారు గానీ, ఏ కారుకు ఏ జబ్బు చేసిందో చెవితో విని చెప్పగల మనిషి మాత్రం ఒక్కతే. ఆమె ఆలూరు విమలమ్మ. పెనిమిటి యోసేపు ఆ బంగళాకు డ్రైవరు. అతను కారు కింద పడుకుని చెయ్యి చాపితే, పదకొండేళ్లపాటు ఏ పానా కావాలో అడగకుండానే అందించిన ఇల్లాలామె. ఛాతీ జబ్బుతో యోసేపు కన్నుమూసి, సొంతూరు ఆలూరులోని సమాధుల దొడ్డిలో తన తండ్రి పక్కన, తాత పక్కన, పేరూ సంవత్సరమూ చెక్కిన రాయి కింద నిద్రపోయాక, ఆ పానాలు ఆమె చేతికే వచ్చాయి. బంగళా యజమాని దొర దృష్టిలో మాత్రం ఆమె కార్లు కడిగే ఆడది.

మూడు కార్లలో చిన్నది ఎర్రటి సీమకారు. ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారది. దాని చక్రాలకు సైకిలు చక్రాలకు మల్లే తీగలుంటాయి. ముందు రెండు చక్రాల తీగల సందుల్లోంచి లోపలి బ్రేకు పళ్లేలు కనిపిస్తాయి. హిమాయత్‌సాగర్ చెమ్మగాలికి, ఒక్క వాన పడితే చాలు, తెల్లారేసరికి ఆ పళ్లేలు ఇటుకపొడి పూసినట్టు ఎర్రబడేవి. దొర అది చూసి ముఖం చిట్లించేవాడు. విమలమ్మ నవ్వేది. నిలబడిన ఇనుముకు తుప్పు రావడం రోగం కాదని యోసేపు నేర్పాడు. కారును రెండు మైళ్లు తిప్పి, నాలుగు మార్లు గట్టిగా బ్రేకు తొక్కితే పళ్లేన్ని నొక్కి పట్టే ప్యాడ్లే ఆ తుప్పును గీకేస్తాయి.

అయితే 1969 ఆగస్టులో ఆ రెండు మైళ్లు తిప్పడానికి రోడ్డే లేదు. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలూ పెద్దలూ మొయినాబాదు అడ్డరోడ్డు మీద బైఠాయించారు. మూడు వారాలుగా ఎర్రకారు కొట్టంలోంచి కదలలేదు. పళ్లేల మీద తుప్పు, అక్కడివాళ్ల మాటలో జంగు, పొరలు కట్టింది.

సరిగ్గా అప్పుడే దొర ఆ కారును పట్నం వకీలు ఒకాయనకు అమ్మజూపాడు. వకీలు శనివారం పది గంటలకు అడ్డరోడ్డు అవతలి దాకా వచ్చి ఆగుతాడు. దొరే అడ్డరోడ్డు దాకా కారు తోలుకుపోయి చూపించాలి. "జంగు కనవడొద్దు. బేరం కుదిరిన తెల్లారే నీ బిడ్డ కాగితం మీద సంతకం వెడత" అని విమలమ్మతో అన్నాడు.

ఆ కాగితం కథ ఇది. విమలమ్మ కూతురు మేరీ టీచరు ట్రైనింగు ముగించింది. చేవెళ్ల బడిలో ఖాళీ ఉంది. ఈ గడ్డ వాళ్లేనని తేల్చే ముల్కీ కాగితం చూపిస్తే కొలువు ఖాయం. దొంగ ముల్కీ కాగితాలతో ఎవరెవరో కొలువుల్లో కుదిరారనే కోపంతోనే జనం రోడ్డెక్కిన ఏడది. తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న పిల్లకు మాత్రం ఆ కాగితం మీద పటేలు సంతకం దొరకడం లేదు. ఆలూరుకు పటేలు ఆ దొరే.

శనివారం పొద్దున విమలమ్మ గరుకు కాగితం, పెట్రోలు డబ్బా పట్టుకుని కొట్టంలోకి వచ్చేసరికి తోట మేస్త్రీ ఎల్లేశ్ ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, నీ పని నేనే జేసిన. సూడు, జంగు జాడనే లేదు."

పళ్లేలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. విమలమ్మ వంగి వాసన చూసింది.

"ఏం వెట్టినవ్ర?"

"ఆముదం. వానలకు కర్రుకు వెట్టమా, కొడవలికి వెట్టమా? ఇనుము ఏదైతేంది?"

"కర్రు మన్ను కోయాలె. ఇది బండిని ఆపాలె. నూనె చేతులతోని నీళ్ల బిందె ఎత్తు, ఎర్కయితది."

ఎల్లేశ్ నవ్వబోయి ఆగాడు. తన అరచేతులు చూసుకున్నాడు. "దొర సూసి శాబాష్ అన్నడక్కా" అన్నాడు మెల్లగా.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దొర రానే వచ్చాడు. విమలమ్మ సంగతి చెప్పింది. ప్యాడ్లు ఆముదం తాగాయి, అన్నీ విప్పి కడగాలి, మధ్యాహ్నం దాకా గడువు కావాలి.

"మెరుస్తున్నదా లేదా?" అన్నాడు దొర.

"మెరుస్తున్నది దొరా. ఆగదు."

"ఆగకుంటే హారను గొడత. లేస్తరు."

"హారనుకు లేసెటోళ్లయితే రోడ్డు ఇన్నొద్దులు బందెందుకుంటది?"

గేటు దాటితే అడ్డరోడ్డు దాకా వాలు. ఆ వాలు అడుగునే జనం కూర్చున్నారు. ఇది దొరకూ తెలుసు. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు.

"నీ బిడ్డ సుత ఆడ కూసున్నదా ఏంది?"

"నా బిడ్డ ఇంట్లున్నది. ఆడున్నోళ్లు ఎవరి బిడ్డలో."

"ఎవరి బిడ్డలకోసమో నీ బిడ్డ నోట్లె మన్ను గొట్టుకుంటవా? ఆలోచన జేస్కో. నేను చాయ్ తాగొస్త."

దొర లోపలికి వెళ్లాడు. చాయ్ తాగేంతసేపు గడువు. విమలమ్మ మేరీని తలుచుకుంది. రాత్రంతా దీపం కింద చదివి చదివి కళ్లజోడు తెచ్చుకున్న పిల్ల. తర్వాత గోడకు వేలాడుతున్న రాగి సుత్తి అందుకుంది.

ఆ కారు ముందు చక్రాలకు ఒక్కొక్క నట్టే. రెండు రెక్కలుంటాయి దానికి. రెక్క మీద సుత్తితో కొడితే తిరుగుతుంది. కుడివైపుదీ ఎడమవైపుదీ ఒకే దిక్కుకు విప్పుకోవు. నాలుగు దెబ్బలకు రెండు నట్లూ వదులయ్యాయి. జాకీ ఎత్తి, చక్రాలు ఊడదీసి, దొర్లించుకుంటూ పోయి కొట్టం పక్కనున్న తన గది గడపకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఆనించింది. తిరిగొచ్చి నేల మీద చతికిలబడి, ఆముదం పళ్లేన్ని పెట్రోలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

దొర వచ్చి చూశాడు.

"చక్రాలు వెట్టు."

"వెట్టను దొరా. పనయినంక వెడత."

"ఎల్లేశ్, నువ్వు వెట్టు."

ఎల్లేశ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ నట్టు ఏ దిక్కు తిరుగుతదో నాకెర్క లేదు దొరా" అన్నాడు. పోయిన దసరాకు ఆ నాలుగు చక్రాలూ విప్పి కడిగి బిగించింది అతనే.

దొరే చక్రం తెచ్చుకుని ఎత్తి, నట్టు పెట్టి కొట్టాడు. అది ఎడమదో కుడిదో చూసుకోలేదు. నాలుగు దెబ్బలకు చక్రం ఊడి కాళ్ల మీద పడబోయింది. ఇస్త్రీ చొక్కాకు ఆముదం అంటింది. రోడ్డు మీంచి నినాదాలు వినిపిస్తున్నాయి.

"ఈ కాగితం మీద నా సంతకం పడది. ఈ జన్మల పడది."

"పడకుంటే పాయె" అంది విమలమ్మ, తలెత్తకుండానే. "మా ఆలూరు నీ సంతకంతోని పుట్టలే."

పదిన్నర దాకా చూసి వకీలు వెనక్కి పోయాడని కబురొచ్చింది. విమలమ్మ పని మానలేదు. ప్యాడ్లు విప్పి పెట్రోలుతో కడిగి, నూనె తాగిన పైపొరంతా గరుకు కాగితం మీద రుద్దేసింది. మధ్యాహ్నానికి చక్రాలు బిగించి, తానే స్టీరింగు పట్టి మామిడిచెట్ల కురచ బాటలో నెమ్మదిగా పది మార్లు నడిపి పది మార్లు బ్రేకు తొక్కింది. మొదట జారింది. ఆరో మారుకు పట్టింది. పదో మారుకు గీత గీసినట్టు ఆగింది. పళ్లేల మీద తెల్లగా గీతలు తేలాయి. అంచున సన్నగా ఎర్రటి తుప్పు అట్లాగే ఉంది. దాన్ని తుడవలేదు. ఇక ఆ పని తనది కాదన్నట్టు, కారు తాళాలూ రాగి సుత్తీ ఎల్లేశ్ చేతిలో పెట్టింది.

"నట్టు ఏ దిక్కు తిరుగుతదో మర్సిపోకు" అంది.

"మర్సిపోనక్కా" అన్నాడతను.

సోమవారం బస్సుల్లేవు. తల్లీకూతుళ్లు పొద్దున్నే బయలుదేరి చేవెళ్ల తహసీలు కచేరీకి నడిచివెళ్లారు. గుమాస్తా దరఖాస్తు తిప్పి చూసి, పటేలు సంతకం ఏదని అడిగాడు.

"వెట్టనన్నడు" అంది విమలమ్మ.

"మరి మీరు ఈడోళ్లేనని ఎవరు జెప్పాలె?"

"ఆలూరు రాండ్రి. నా పెనిమిటి, ఆయన బాపు, ఆయన తాత, ముగ్గురు ఒక్క వరుసల పండుకున్నరు. రాళ్ల మీద పేర్లున్నయి, సంవత్సరాలున్నయి. వాళ్లు యాడికీ పోరు. మీకు తీరినప్పుడే రాండ్రి."

మేరీ తల్లి కొంగు పట్టుకుని లాగింది. "అవ్వా, జర మెల్లగ."

"మెల్లగనే అంటున్న బిడ్డా."

గుమాస్తా దరఖాస్తును పక్కకు నెట్టబోయాడు. విమలమ్మ దాని మీద చెయ్యి పెట్టింది. గోళ్ల సందుల్లో రెండు రోజుల నాటి నలుపు ఇంకా పోలేదు.

"అందిందని రాసియ్యి. నెంబరెయ్యి. ఊరికి ఏనాడొస్తరో ఆ తారీకు సుత రాయి."

"రాయకుంటే?"

విమలమ్మ బల్ల ముందు నేల మీద కూర్చుని, కాళ్లు సర్దుకుంది. మేరీ ఒక్క క్షణం చూసి, తానూ పక్కన కూర్చుంది. వెనుక వరుసలోని వాళ్లు దారి లేక ఆగిపోయారు. ఎవరో దగ్గారు. గుమాస్తా వాళ్లవైపు, వీళ్లవైపు చూసి, కలం సిరాలో ముంచాడు.

"ఊరు?" అన్నాడు.

"ఆలూరు."