ఓబులేసు బాబాయ్ పెట్టెల వరస

పక్క ఫ్లాట్‌లో ఎవరో అట్టపెట్టె కడుతున్నారు. గోడకు ఆవల టేపు సర్రున లాగిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ సర్రు. శుక్రవారం పొద్దున టీ కప్పు పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయాను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు కువైట్‌లోని షువైఖ్‌లో ఒక రేకుల గోదాము, అందులో బోర్లించిన క్రేటు మీద కూర్చుని టేపు కొసను గోటితో వెతుక్కునే ఒక పెద్దాయన గుర్తొస్తారు. ఆయన పేరు ఓబులేసు, రాయచోటి దగ్గరి మనిషి. నేను బాబాయ్ అనేదాన్ని. మాది అమలాపురం, మా వైపు వయసులో పెద్దాయన్ని బాబాయ్ అనడానికి చుట్టరికం అక్కర్లేదు.

నేను కువైట్ వచ్చింది ఒక కార్గో ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగానికి. ఇక్కడి ఇళ్లలో, గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్లు పాలపొడి డబ్బాలు, సబ్బులు, దుప్పట్లు పెట్టెల్లో కుక్కి తెచ్చి ఇస్తే, వాటిని వారానికోసారి విమానం ఎక్కించే ఆఫీసు అది. వచ్చినవన్నీ ఒకే వారం ఎక్కవు. ఏవి ముందు, ఏవి వెనక అన్నది అంతకుముందు వరకు బాబాయే తేల్చేవారు, ఒక్క కాగితం ముక్క లేకుండా. అది ఇకమీదట కంప్యూటర్ తేల్చాలని మేనేజర్ పట్టుబట్టాడు. చదువుకున్నదాన్నన్న ధీమాతో నోట్‌బుక్ పట్టుకుని గోదాముకు వెళ్లాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇంకో క్రేటు బోర్లించి కూర్చోమన్నారు. గోదాము నిండా, కప్పు దాకా పెట్టెలు. ఇన్నింటిని ఎలా వరసపెడతారని అడిగాను.

"అన్నీ చూసి బెదరొద్దు పాపా. రెండే చూడు. ఈ రెండిట్లో ఏది ముందో చెప్పగలిగితే సాలు, మిగిలినవన్నీ అవే వరసలో పడతాయి."

కాలేజీలో మాస్టారు వారం రోజులు చెప్పింది సరిగ్గా ఇదే. ప్రోగ్రాములో ప్రతి పెట్టె ఒక ఆబ్జెక్టు. దాని ఊరు, తేదీ, బరువు, పంపినవాళ్ల వివరాలు దానిలోనే ఉంటాయి. రెండు ఆబ్జెక్టులను పక్కపక్కన పెట్టి ఏది ముందో తేల్చే నియమం ఒకటి రాసిస్తే చాలు, మిగతాది యంత్రం చూసుకుంటుంది. బాబాయ్ ఆ నియమాన్ని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. మొదట ఊరు చూడాలి. ఊరు ఒకటే అయితే పంపినవాళ్ల ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, ఎవరిది ముందు అయిపోతుందో చూడాలి; వాళ్లు రేపోమాపో ఇంటికి పోయేవాళ్లు. అదీ ఒకటే అయితే బరువు. అన్నీ సమానమైతే ముందొచ్చినది ముందే ఉండాలి, దాని చోటు ఎవరూ లాక్కోకూడదు. నేను రాసుకుంటూ పోయాను. చివర్లో ఆయన ఇంకొకటి చెప్పారు. పెట్టె తీసుకునేటప్పుడు, దీన్ని అక్కడ ఎవరు ఇప్పుతారని అడగాలట. అది ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. నవ్వి వదిలేశాను.

"నీ పెట్టె ఎవరు ఇప్పుతారు పాపా?" అని అడిగారు ఆ రోజే. నేను పెట్టెలు పంపనని చెప్పాను. అమలాపురంలో ఉన్నది అక్క ఒక్కతే. ఆమెకు ఇష్టం లేకుండా ఈ ఉద్యోగానికి వచ్చాను, మాటామాటా పెరిగింది, ఆగిపోయింది. ఇదంతా ఆయనకు చెప్పలేదు. ఆయనా రెట్టించలేదు. తన ఇంటి సంగతి కూడా ఏనాడూ ఎత్తలేదు. మధ్యాహ్నం గోదాములో ఒక మూల ఆయన, ఆఫీసులో ఒక మూల నేను డబ్బా విప్పుకుని తినేవాళ్లం.

ప్రోగ్రాము మొదటిసారి నడిపినప్పుడు మధ్యలో ఆగిపోయింది. చూస్తే, కొన్ని పెట్టెలకు ఇఖామా గడువు గడి ఖాళీ. లేని తేదీని ఉన్న తేదీతో పోల్చమంటే యంత్రం ఏం చేస్తుంది పాపం, మొరాయించింది. ఖాళీగా ఉంటే ఆ ఊరి వరసలో చివరికి నెట్టమని ఒక చిన్న వాక్యం రాశాను. అంతే, పరుగులు పెట్టింది. మేనేజర్ మెచ్చుకున్నాడు. ఇక జాబితా ప్రకారమే ఎక్కించాలని గోదాముకు హుకుం జారీ అయింది. బాబాయ్‌ని ఇళ్ల నుంచి పెట్టెలు తెచ్చే బండి మీద సబా అల్ సలేం వైపు పంపారు.

నెలన్నర తర్వాత ఆయన మళ్లీ గోదాములో అడుగుపెట్టిన రోజే రమణమ్మ వచ్చింది. రుమైథియాలో ఒక ఇంట్లో పని. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, గంటసేపే బయటికి పంపిందట, నిలబడే మాట్లాడింది. కూతురి కాన్పు కోసం పంపిన పెట్టె ఇంకా చేరలేదు. పసిబిడ్డను పడుకోబెట్టడానికి తన పాత చీరలతో కుట్టిన బొంత ఉంది అందులో. బాబాయ్ నేరుగా వెనక గోడ దగ్గరికి వెళ్లి, దుమ్ము పట్టిన ఒక పెట్టెను ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టారు.

రమణమ్మ ఇఖామా అయిపోయింది, కఫీల్, అంటే ఆమెను పనికి రప్పించిన యజమాని, కొత్తది చేయించలేదు. అందుకే గడి ఖాళీ. నా వాక్యం ప్రతి వారం ఆ పెట్టెను రాయచోటి వరసలో అడుగుకు నెట్టింది. ప్రతి వారం తేదీలున్న కొత్త పెట్టెలు వచ్చి దాని ముందు నిలబడ్డాయి. ఎన్ని వారాలు గడిచినా దాని వంతు రాదు. ప్రోగ్రాము ఒక్క తప్పూ చూపించలేదు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. పెట్టె మీద చెయ్యి వేసి, "నేను పోలేను కదన్నా, పెట్టెన్నా పోతాదనుకుంటి. బిడ్డ పుట్టి నెల దాటిపాయ," అంది. తల వంచుకుని నేనే తప్పు చేశానని చెప్పాను. ఏం తప్పో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. టైమైందని ఆమె వెళ్లిపోయింది.

బాబాయ్ తిడతారని ఎదురుచూశాను. ఆయన పెట్టెకు కొత్త టేపు చుట్టి, ఆ వాక్యం చూపించమన్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషును తెలుగులో చదివి చెప్పాను. ఆయన తెర మీద ఆ వాక్యం కింద వేలు పెట్టారు.

"ఖాళీగా ఉండాదంటే ఏమీ ల్యాదని కాదు పాపా. మనం ఇంగా అడగల్యాదని."

అప్పటికప్పుడు వాక్యం తిరగరాశాను. ఖాళీ గడి ఉన్నది ముందుకు రావాలి. జాబితాలో మొదటే కనబడితే ఎవరో ఒకరు ఆగి చూస్తారు, ఫోన్ చేసి అడుగుతారు. మేనేజర్ గొణిగాడు కానీ ఆపలేదు. రమణమ్మ పెట్టె ఆ వారమే వెళ్లింది. ఆ బొంత మీద బిడ్డ పడుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆమె మళ్లీ రాలేదు.

తర్వాత రెండేళ్లకు బాబాయ్ మోకాళ్లు మొరాయించాయి. ఇఖామా రద్దు చేయించుకుని వెళ్లిపోతున్నారని విన్నాను. ఆ వారం జాబితా తీస్తే రాయచోటి వరసలో అన్నిటికంటే పైన ఒక ఖాళీ గడి. పంపేవారు ఓబులేసు. అందుకునేవారు ఓబులేసు. తప్పు పడిందేమో అనుకుని గోదాముకు వెళ్లాను. ఆయన క్రేటు మీద కూర్చుని చిన్న పెట్టె ఒకటి కడుతున్నారు. దాన్ని ఎవరు విప్పుతారు బాబాయ్ అని అడిగాను. ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదటిసారి.

"నేనే ఇప్పుకుంటాలే పాపా. ఆడ ఎవరుండారు. దాన్ని అడుక్కు ఎయ్యి, తొందర ల్యాదు."

నేను వేయలేదు. ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచాను. ఆయన కంటే ముందే ఆ పెట్టె చేరి ఉంటుంది. చేరిందా అని ఫోన్ చేద్దామని చూస్తే, ఆయన ఊరి నంబరు నేను తీసుకోనేలేదు. ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసి ఆ ఒక్కటీ అడగలేదు. ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

ఆ ఆఫీసు మారి చాలా కాలమైంది. ఇప్పుడు ఆసుపత్రుల కోసం జాబితాలు రాస్తున్నాను. ఎక్కడ రెండిటిని పోల్చాల్సి వచ్చినా ఖాళీ ముందు రావాలని రాస్తాను. ఎందుకని కుర్రాళ్లు అడిగితే ఒక పెద్దాయన నేర్పారని చెబుతాను. అంతకుమించి చెప్పను.

పక్క ఫ్లాట్‌లో టేపు చప్పుడు ఆగింది. నా తలుపు వెనక మడతపెట్టిన అట్టపెట్టె ఒకటి నిలబడి ఉంది, కొని నెలవుతోంది. ఈ పొద్దున దాన్ని విప్పి నేల మీద నిలబెట్టాను. మార్కర్ తీసుకుని అందుకునేవారి చోట అక్క పేరు రాశాను. నంబరు రాసే చోటు ఖాళీగా ఉంది. అక్క పాతది మార్చేసిందని విన్నాను. కొత్తది ఎవరినైనా అడగాలి.