చీటీ మీద పావురాలు

పావురాల రెట్ట ఎండి పొడై ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదమని ఫోనులో చదివిన రోజే, మా అమీర్‌పేట ఫ్లాటు బాల్కనీకి వల కట్టించాను. సైన్సు వార్తలంటే నాకు గౌరవం. సాంబ్రాణి పొగ గాలిని శుభ్రం చేస్తుందని ఇంకోచోట చదివి, రోజూ సాయంత్రం అత్తయ్యగారి గదిలో దగ్గరుండి పొగ కూడా వేశాను. అయినా ఆవిడకు దగ్గు పట్టుకుంది.

మా అత్తయ్యగారిది సిద్దిపేట వైపు, నాది గోదావరి జిల్లా. నేను ఆవిడకు అల్లుడినైనప్పటి నుంచీ, పదేళ్లుగా, ఒకే ఇంట్లో ఒకరి తెలుగుకు ఒకరం తలూపుతూ సుఖంగా ఉన్నాం.

మూడు వారాలైనా దగ్గు తగ్గకపోవడంతో పంజాగుట్టలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడను ఆసుపత్రి గుమ్మంలో దించి, బండికి చోటు వెతుక్కుని వచ్చేసరికి ఆవిడ వంతు వచ్చి, అయిపోయింది కూడా. పంజాగుట్టలో ఇది వింతేం కాదు. వింతంతా ఆవిడ చేతిలోని చీటీలో ఉంది: ఇంట్లో పావురాలు, పదేళ్లుగా, చాలా ఎక్కువ. వెంటనే ఊపిరితిత్తులకు స్కాన్.

ఆ వార్త చివరి పేరా నాకు కంఠతా వచ్చు. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తులు మళ్లీ మెత్తబడటం కష్టమట.

స్కాన్ తీయించి, రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్నాం. నేను ఆఫీసుకు వెళ్లాక ఈవిడ వల విప్పి గింజలు చల్లుతున్నారా?

"అత్తయ్యగారూ, నిజం చెప్పండి. పావురాలను ఎక్కడ పెంచుతున్నారు?"

"ఏం పావురాలు? నువ్వు వల గట్టించినంక కాకి సుత మొకం చూపిస్తలేదు."

"మరి డాక్టరుగారికి ఏం చెప్పారు?"

"ఇంట్ల పావురం ఉన్నదా అమ్మా అన్నడు. మస్తున్నది సారూ అన్న. ఎప్పటి సంది అన్నడు. బిడ్డ లగ్గమైనప్పటి సంది, పదేండ్లు అన్న." ఆవిడ దగ్గి, కొంగుతో మూతి తుడుచుకున్నారు. "మా అల్లుడికి నేనంటే గింత పావురమని ఇంకా చెబుదామనుకున్న. గాయన రాసుడు ఆపలే."

వాళ్ల వైపు పావురం అంటే ప్రేమ కూడానట. పదేళ్లుగా ఆ మాటకు సైతం తలూపుతూ వచ్చానన్నమాట.

రిపోర్టు పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లి, ముందు పావురం సంగతి విన్నవించుకున్నాను. ఆయనదీ మా వైపే. "ఏంటీ?" అని కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వారు. తర్వాత రిపోర్టు చూశారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయండీ. ఇంట్లో పొగ గానీ వేస్తారా?"

అత్తయ్యగారు మర్యాదకు గోడకేసి చూశారు. నేనే ఒప్పుకున్నాను.

"అది మానేయండి చాలు" అని ఆయన చీటీలో పావురాల మీద అడ్డంగా గీత గీశారు. నాకు ఊపిరాడింది.

లిఫ్టు దగ్గర అత్తయ్యగారు ఆ గీత మీద వేలు పెట్టారు. "ఏం కొట్టేసిండు అల్లుడా?"

"పావురమండీ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "గదెందుకు కొట్టేసిండు?"

"పిట్టలనే కొట్టేశారు అత్తయ్యగారూ. రెండోది అలాగే ఉంది."

"గదుండనీ. సాంబ్రాణి మాత్రం బంద్ జెయ్యి."